ఫలమాని నాటిన చోటు

ఫలమాని నాటిన చోట మూడు నిమిషాలు నిలిస్తే గానీ నోరు విప్పదు. సువార్త కాలువ మొదటి తూము మెట్ల మీద గొంతుక్కూర్చుని, సంస్థల పనికి మార్కులు చెప్పే ఆ ఇత్తడి కడ్డీని నీళ్ళలో నిలబెట్టి ఎదురుచూస్తోంది. పదకొండేళ్ళ మదింపు ఉద్యోగంలో ఆమె మార్కులేస్తున్న రెండువందల మూడో సంస్థ ఇది.

"తొంభై ఏడు," అంది ఫలమాని. "కాలువల సంస్థ పనితీరు అత్యుత్తమం. ముద్ర వేయనా?"

ముద్ర పడితే ఐదేళ్ళు కొలత ఆ చోటునుంచే; అంకె పెరగొచ్చు, తగ్గొచ్చు గానీ చోటు మారదు. కాలువ పొడవునా ఉన్న నలభై రెండు తూములూ మనుషుల మాట వినడం మానేసి చాలాకాలమైంది. ఫలమాని చెప్పే అంకెను పైకి లాగడమొక్కటే వాటికి తెలిసిన పని.

ఇంజనీరు పిచ్చేశ్వరరావు మొహం అప్పటికే చేటంత అయింది. "ఎవరొచ్చినా ఇక్కడే నాటతారండి. నీడుంది, మెట్లున్నాయి, కాఫీ కూడా తెప్పించాను."

సువార్త ముద్ర మీద వేలు పెట్టబోతుండగా గేటు దగ్గర కేక వినిపించింది.

"ఓ మార్కులమ్మా! ఆగు తల్లీ!"

అరవై దాటిన మనిషి, చేతిలో పచ్చబడ్డ వరినారు కట్టతో ఆయాసపడుతూ వచ్చింది. పేరు నాంచారమ్మ. ఊరు అడవిపాలెం, పద్నాలుగు కిలోమీటర్ల దిగువన ఈ కాలువకు చిట్టచివర.

"మా కాలవ తడిసి పదకొండు రోజులైందమ్మా. ఎల్లుండికి ఊరి నారంతా మాడిపోద్ది. ఇంక ఈ ఏడు నాట్లు లేవు మాకు. నువ్వేమో ఇక్కడ కూచుని తొంభై ఏడంటన్నావు!"

"ఇక్కణ్ణుంచి లెక్క ప్రకారమే వదుల్తున్నామండి," అన్నాడు పిచ్చేశ్వరరావు. "కిందికెళ్ళాక ఏమవుతాయో మాకు సంబంధం లేదు."

సువార్తకు సిగ్గేసింది. అలాంటిలాంటి సిగ్గు కాదు, చెవులు కాలిపోయాయి. మదింపు నిబంధన ఒక్కటే వాక్యం: సంస్థ పని ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఫలమానిని నాటాలి. ఎక్కడ ముగుస్తుందో చూడ్డానికి ఎండనపడి ఎవరు పోయారు గనక! రెండువందల రెండు సంస్థలకు ఆమె వాకిట్లోనే మార్కులేసి వచ్చేసింది.

కడ్డీని ఊడబెరికి లేచింది. "పిన్నీ, బండెక్కు. మీ నారుమడి చూపించు."

"ఇది ఆనవాయితీ కాదండీ! మీ ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీండి," అంది సువార్త. కాళ్ళు ఆగలేదు.

నారుమడి నెర్రెలిచ్చి ఉంది. ఒక నెర్రెలో కడ్డీని దింపి మూడు నిమిషాలు కాచుకుంది.

"నాలుగు," అంది ఫలమాని. "ముద్ర వేస్తే మదింపుదారుపై విచారణ తప్పదు. వేయనా?"

"వెయ్యి."

జిల్లాలోని ప్రతి తెర మీదా అప్పటిదాకా ఉన్న తొంభై ఏడు కాస్తా నాలుగైంది. క్షణంలో ఫోను మోగింది.

"ఏం చేశారు తల్లీ!" పిచ్చేశ్వరరావు గోల. "తూములు వాటంతటవే తిరుగుతున్నాయి! పైన రెండేసి వాటాలు తాగే రొయ్యల చెరువులన్నిటికీ మూసేస్తున్నాయి!"

"అంకె పెంచుకోవాలి కదండీ పాపం. వాటి తిప్పలు అవి పడుతున్నాయి."

ఆమె ఏ తూముతోనూ తగవు పడలేదు, ఎవరికీ అర్జీ పెట్టలేదు. కొలిచే చోటు మార్చిందంతే. ఇన్నాళ్ళూ కదలని ఇనుప తలుపులు పరుగులు పెట్టాయి.

పొద్దు వాలేవేళకు కాలువలో ముందు ఎండుటాకులు కదిలాయి. తర్వాత నురగ, నత్తగుల్లలు, ఆ వెనక ఎర్రగా బరువుగా నీళ్ళు. ఊరు ఊరంతా గట్టు మీద కేకలు పెడుతూ నీటి వెంట పరుగెత్తింది. నాంచారమ్మ చీర ఎగదోపుకుని మడిలో దిగి, "తాగండే, కడుపారా తాగండి," అని నారును నిమురుతూ ఏడ్చేసింది.

"పదిహేను. ముప్ఫై ఒకటి. యాభై," అంటోంది ఫలమాని. సువార్త చెప్పులు గట్టు మీద విడిచి తనూ దిగింది. ఆమెకు ఇంత సంతోషం ఏ తొంభై ఏడూ ఇవ్వలేదు.

మళ్ళీ ఫోను. పక్క జిల్లా మదింపుదారు అబ్దుల్ నబీ.

"సువార్తా, నీ నాలుగు సంగతి విన్నాను. మా పెద్దాసుపత్రి గేటు దగ్గరున్నా. నా ఫలమానిని కూడా పీకేశాను. ఎక్కడ నాటమంటావు?"

అతని వెనక మరో పదకొండు మంది మదింపుదారుల ఫోన్లు వరసలో ఉన్నట్టు తెర చూపిస్తోంది.

"మందులు తీసుకుని ఇంటికెళ్ళిన వాళ్ళెవరో కనుక్కో," అంది సువార్త. "వాళ్ళ మంచం దగ్గరికి నడు."