మూత కింది మీగడ

చిన్నమేస్త్రి ఇంజన్ ఆయిల్ మూత తిప్పి తీసింది. దాన్ని వెల్లకిలా తిప్పి ఒకసారి చూసుకుని, తెచ్చి కళ్ళజోళ్ళ అబ్బాయి ముక్కు ముందు పెట్టింది.

"ఏంటిది?"

"మూత," అన్నాడతను.

"మూత అని నాకూ తెలుసు. మూతకి అంటుకున్నదేంటి?"

మూత లోపల తెల్లగా, చిక్కగా, కాచిన పాల మీద మీగడలా ఏదో పేరుకుంది. నల్లగా ఉండాల్సిన చోట తెల్లబడటం జుట్టుకే కాదు, ఇంజనుకీ మంచిది కాదు. పాలు కనిపిస్తున్నాయి గానీ ఏం చెప్పాలో అతనికి పాలుపోలేదు.

ఆ షెడ్డుకి మేస్త్రులు ఇద్దరు. తండ్రి పెదమేస్త్రి, కూతురు చిన్నమేస్త్రి. ఆమె చేతిలో స్పానరుంటే నట్టు నోరెత్తదు, స్పానరు లేకపోతే కస్టమరు నోరెత్తడు. అబ్బాయిది రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపు. కింద షాపు, పైన ఇల్లు. ఊళ్ళో అందరి చూపూ కొలిచి సరిచేసే అతని చూపు, ఆరు నెలలుగా ఈ షెడ్డు మీదే ఇరుక్కుపోయింది. దానికి సరిపడే అద్దాలు ఏ కంపెనీ తయారు చేయలేదు.

ఆరు నెలల కిందట ఆయిల్ మార్పించడానికి మొదటిసారి వచ్చాడు. "అంత మసక కళ్ళజోడు పెట్టుకుని మాకేం చూపు చూస్తారండీ?" అంటూ ఆమె అతని కళ్ళజోడు లాక్కుని, మెత్తటి గుడ్డతో తుడిచి చేతికిచ్చింది. పెట్టుకుని చూశాడు. అంతే. మర్నాటి నుంచి కారుకి రోజుకో రోగం. హారన్ గొంతు బొంగురుపోయింది, వైపరు బద్ధకిస్తోంది, తలుపు మూలుగుతోంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడటం లేదనే అతని నమ్మకం.

"ఇంత తరచుగా పాడవుతోందేంటండీ?" అని అప్పట్లో ఆమె అడిగితే, ఒక అబద్ధం ఆడాడు. లెన్సుల ఫ్యాక్టరీకి రోజూ ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళొస్తున్నానన్నాడు. నిజానికి లెన్సులు కొరియర్లో వస్తాయి. కారు ఇంటి నుంచి షెడ్డుకీ, షెడ్డు నుంచి ఇంటికీ తప్ప ఇంకెక్కడికీ పోదు.

ఆ అబద్ధమే ఇవాళ కొంప ముంచేలా ఉంది.

పెదమేస్త్రి మూతని చేయి చాచినంత దూరంలో పట్టుకుని పరిశీలించాడు. "మూత కింద ఇలా తెల్లగా ఉంటే కారణాలు రెండు బాబూ. బండిని ఇంటి చుట్టూ తిప్పుతూ ఉంటే ఇంజన్ వేడెక్కదు. లోపలి తేమ ఆవిరై పోకుండా ఆయిల్‌లో కలిసి మీగడ కడుతుంది. అది జబ్బు కాదు, బద్ధకం. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్న బండికి కడుపులో చల్లే తయారవుతుంది."

"రెండోది?"

"ఇంజన్ తలకీ ఒంటికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పొర పోయి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లోకి దిగడం. అది జబ్బే, ఇంజన్ విప్పాలి. నీ బండి రోజూ ముప్ఫై కిలోమీటర్లు తిరుగుతోందంటివి. కాబట్టి మొదటిది కాదు."

"నాన్నా, కింద ట్రేలోకి దించిన ఆయిల్ మామూలుగానే నల్లగా ఉంది," అంది చిన్నమేస్త్రి. "ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద తెలుపు లేదు. పొగ గొట్టంలో తెల్ల పొగా లేదు."

"ఇప్పుడిప్పుడే మొదలై ఉండొచ్చు తల్లీ. ఇదిగో, కూలెంట్ వేలెడు తగ్గింది. ఎక్కడికి పోయినట్టు?"

అది ఎక్కడికి పోయిందో అబ్బాయికే తెలుసు. నిన్న సాయంత్రం ఇవాళ్టి రోగం కోసమని రబ్బరు గొట్టం క్లిప్పుని తనే వదులు చేశాడు. పొద్దున్నే ఆమె ఫోన్ చేసి, "ఆరు నెలలయింది, ఆయిల్ మార్చాలి, రండి" అనేసరికి రోగం అవసరం తీరిపోయి మళ్ళీ బిగించేశాడు. ఈలోగా కారులోంచి కారాల్సింది కారిపోయింది.

"ఇంకోసారి అడుగుతున్నా," అంది ఆమె, అతని వంక సూటిగా చూస్తూ. "రోజూ ముప్ఫై కిలోమీటర్లు తిరుగుతున్నారా?"

అతను నీళ్ళు నమిలాడు.

"కారేమో నీళ్ళు తాగింది, మీరేమో నీళ్ళు నములుతున్నారు. బాగుంది మీ ఇద్దరి వరస."

సరిగ్గా అప్పుడే అబ్బాయికి వాళ్ళమ్మ ఫోన్. కంగారులో స్పీకర్ నొక్కేశాడు.

"ఏరా, ఏమన్నారు?"

"ఇంజన్ విప్పాలేమో అంటున్నారమ్మా."

"ఇంకేం విప్పుతారు. ఆర్నెల్లుగా అది షెడ్డులో ఉన్నంతసేపు ఇంట్లో లేదు. ఇంజనే విప్పాలంటే అమ్మేద్దాం. నాలుగింటికి కొనేవాళ్ళని రమ్మన్నాను."

ఫోన్ పెట్టేసింది. కారు పోతే హారన్ పోతుంది, హారన్ పోతే కారణం పోతుంది. కాలినడకన షెడ్డుకొచ్చి, నా మోకాలికి గ్రీజు పెట్టండని అడగలేడు కదా.

పెదమేస్త్రి స్పానరు తీసుకుని ఒక బోల్టు మీద పెట్టి ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు తిప్పాడు.

"ఆగండి," అన్నాడు అబ్బాయి. "విప్పకండి. గాస్కెట్ బాగానే ఉంది. పోయింది నా పరువే." ఇక ఆనకట్ట తెగింది. "ఫ్యాక్టరీ లేదు, ముప్ఫై కిలోమీటర్లూ లేవు. ఈ కారు మా ఇంటి నుంచి ఇక్కడికొస్తుంది, ఇక్కడి నుంచి మా ఇంటికెళ్తుంది. కూలెంట్ కారలేదు, నేనే కార్చాను. క్లిప్పు నేనే వదులు చేశాను."

షెడ్డు రేకుల మీద ఒక చినుకు టప్పుమంది.

చిన్నమేస్త్రి నవ్వలేదు, కోప్పడనూ లేదు. కారు తలుపు తీసి, అంచున అంటించిన స్టిక్కరు చూపించింది. పోయినసారి ఆయిల్ మార్చినప్పుడు మీటర్లో ఎన్ని కిలోమీటర్లున్నాయో ఆమే దాని మీద రాసింది. "అప్పటికీ ఇప్పటికీ తేడా డెబ్భై. ఆరు నెలల్లో డెబ్భై కిలోమీటర్లు. పొద్దున బండి రాగానే చూశాను. క్లిప్పు స్క్రూ మీద సన్నటి గీతలు కూడా చూశాను. కళ్ళజోడు స్క్రూడ్రైవరుతో తిప్పారా?"

"రెండు విరిగాయి," అన్నాడు తలొంచుకుని.

వెంటనే తలెత్తి, "అన్నీ తెలిసి, మరి మీరెందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"అబద్ధం బిగించింది మీరు. విప్పాల్సిందీ మీరే."

పెదమేస్త్రి బోల్టు బిగించేశాడు. మూత శుభ్రంగా తుడిచి, కొత్త ఆయిల్ పోసి, కూలెంట్ గీత దాకా నింపాడు. "నలభై కిలోమీటర్లు ఆపకుండా తోలుకురా. అమ్మాయ్, నువ్వూ వెళ్ళు. టెంపరేచర్ ముల్లు ఎవరో ఒకరు చూడాలి. ఇతను రోడ్డు చూస్తే అదే పదివేలు."

ఊరు దాటేసరికి వాన అందుకుంది. ఎప్పుడూ బద్ధకిస్తోందని అతను నింద వేసిన వైపరు ఒళ్ళు వంచి పనిచేస్తూ అతని పరువు ఇంకాస్త తీసింది.

"మీరూ ఈ కారులాంటివాళ్ళే," అంది ఆమె, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "రోజూ వస్తారు. రెండు నిమిషాలుంటారు. మాట వేడెక్కేలోపే వెళ్ళిపోతారు. చెప్పాల్సింది లోపలే మీగడ కడుతుంది."

అతను ముందున్న లారీని దాటాడు. తర్వాత అన్నాడు. "రోజూ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు చెప్పాలనే బయల్దేరతాను. రెండొందల మీటర్లు ధైర్యం కూడగట్టుకోవడానికి చాలడం లేదండీ. నాకు మీరంటే ఇష్టం. హారన్ ఎప్పుడూ బాగానే ఉంది."

ముల్లు సగానికి వచ్చి కదలకుండా నిలబడింది. ఆమె చెంపలు మాత్రం అక్కడ ఆగలేదు.

"నేనూ ఒకటి విప్పాలి," అంది కిటికీ వైపు తిరిగి. "పోయినసారి మీ బండిలో పోసింది ఏడాది దాకా ఢోకాలేని ఆయిల్. ఆరు నెలలకే మార్చాలని పొద్దున ఫోన్ ఎందుకు చేశాననుకున్నారు?"

అతని కళ్ళజోడు మసకబారింది. బయట వాన మీద తోసేద్దామంటే అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి మూడున్నర. ఇంజన్ కాస్త చల్లారాక పెదమేస్త్రి మూత తీశాడు. మీగడ లేదు, పలచటి ఆయిల్ మెరుపు తప్ప. కూలెంట్ గీత మీద నిలిచే ఉంది. అబ్బాయి వెంటనే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, ఇంజన్ విప్పక్కర్లేదు. కొనేవాళ్ళని రావద్దను."

తర్వాత కారు అరలోంచి ఒక పెట్టె తీసి పెదమేస్త్రి చేతిలో పెట్టాడు. రెండు నెలలుగా ఇవ్వాలని, ఇవ్వలేక, దాచుకున్నది. "మీరు బిల్లులు చేయి చాచి చదువుతుంటే చూశాను. చత్వారమండీ. నెంబరు నా అంచనా."

పెదమేస్త్రి కళ్ళజోడు పెట్టుకున్నాడు. స్టిక్కరు దగ్గరకెళ్ళి వంగి, "డెబ్భై," అని చదివాడు. "అంచనా సరిపోయింది. దగ్గరివి ఇవాళే కనిపిస్తున్నాయి బాబూ. దూరానివి ఎప్పుడూ కనిపిస్తూనే ఉన్నాయి. వీధి మలుపులో నీ కారు తిరగడం ఆర్నెల్లుగా రోజూ చూస్తున్నా."

అబ్బాయి తెల్లమొహం వేశాడు. "మరి హెడ్డు బోల్టు తిప్పేశారు కదండీ?"

"అది ఎయిర్ ఫిల్టర్ బోల్టు. హెడ్డుకీ దానికీ సంబంధమే లేదు. వదులు కావాల్సింది నీ నోరు."

చిన్నమేస్త్రి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. పెదమేస్త్రి మూత బిగించి, బానెట్ దించి, చేతులు తుడుచుకున్నాడు.

"రేపు మీ అమ్మగారిని తీసుకురా. మాట్లాడుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకో." వేలెత్తి హెచ్చరించాడు. "తిన్నగా రాకు. ఊరంతా తిప్పి తీసుకురా. ఇంజన్ వేడెక్కాలి."