ఎత్తు ఎక్కుతుంటే నిండిన బ్యాటరీ

మా డిపోలో బండి ఎక్కేముందు ప్రతి డ్రైవరూ ఒక చిన్న గొట్టంలోకి ఊది, తాగలేదని రుజువు చేసుకోవాలి. నేను ఊదుతుంటే సుగాయా ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. ఏ బండి ఎటు పోవాలో చెప్పేది ఆయనే. నలభై దాటిన నన్ను 'చిజురు చాన్' అంటాడు. 'చాన్' చంటిపిల్లల పేర్లకి తగిలించే తోక; పెద్దవాళ్ళకైతే మర్యాదగా 'సాన్' అనాలి.

"మెల్లగా ఊదు చిజురు చాన్, మిషను ఎగిరిపోతుంది," అన్నాడు ఆ మధ్యాహ్నం.

"ఎగిరితే మీ ఒళ్ళోనే పడుతుంది లెండి. పట్టుకోండి."

"అబ్బో, ఏం నోరమ్మా! ఈ నోటికి భయపడే ఎవడూ చేసుకోలేదు నిన్ను. సరే, పరీక్షకాలం ఇవాళ్టితో సరి, గుర్తుందిగా? తొంభై మార్కులు దాటితే లారీ నీ పేరున రాస్తాను. దాటకపోతే..." గడ్డంతో టీ కెటిల్ వైపు చూపించాడు.

గుర్తులేకపోవడమేం? పదేళ్ళు ఆ కెటిల్ పక్కనే ఉన్నాను. వచ్చినవాళ్ళకల్లా టీలు పోసి, వంగి దణ్ణాలు పెట్టి, పెట్టెల మీద చీటీలు అంటించాను. పెద్ద లైసెన్సు నా సొంత డబ్బుతో తెచ్చుకున్నాను. మళ్ళీ ఆ కెటిల్ దగ్గరికి వెళ్ళడమంటే నాకు బతికుండి చావడమే.

మా కంపెనీలో మగవాళ్ళకి పెద్ద డీజిలు లారీలు, ఆడవాళ్ళకి ఇంజనూ కరెంటు మోటారూ కలిసిన హైబ్రిడ్ లారీలు. ఆడదాని కాలు మెత్తన అని వీళ్ళ సిద్ధాంతం. హైబ్రిడ్ నడపడంలో కిటుకంతా కాలు ఎప్పుడు తియ్యాలో తెలియడమే. పల్లం ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ పక్కన మీటని కిందికి లాగాలి. అప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతాయి. మోటారు లారీని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ పట్టిన బలమంతా కరెంటై బ్యాటరీలో చేరుతుంది. మళ్ళీ ఎత్తు వచ్చినప్పుడు ఆ కరెంటే బండిని ఎక్కిస్తుంది. బ్రేకు తొక్కినా, ఇంజను గట్టిగా అరిచినా మార్కులు కోసే మిషనొకటి మా తలమీద ఉంటుంది. "నెమ్మదిగా నడుపుదామండీ," అంటుంది తియ్యగా. దానికీ ఆడగొంతే పెట్టారు.

గొట్టం వెనక గోడమీద ఆదర్శ డ్రైవరని వేయించిన మయుమి పోస్టరు. నేను తిరిగే దారిలో నాకు ముందు తిరిగింది ఆమే. నూటికి నూరు తెచ్చుకున్న పొట్టి మనిషి. తోబియుకి అనే కనుమ దిగుతూ లారీతో సహా లోయలో పడింది. దిగుడు సగంలో ఉండగానే బ్యాటరీ నిండింది. నిండితే ఇక మోటారు పట్టదు, లారీ జారుతుంది. అప్పుడు చిన్న గేరులోకి దించి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసి, ఇంజనుతోనే బండిని బిగపట్టాలి. ఇంజను అరుస్తుంది, మార్కులు తెగుతాయి. ఆమె దించలేదు; ఆఖర్న తొక్కిన బ్రేకులు కాలి పట్టు వదిలేశాయి. "మార్కుల పిచ్చిది, పాపం," అన్నారు మావాళ్ళు, కర్మ జరిగిన రోజు బీరు తాగుతూ. ఆ పిచ్చి ఆమెకి ఎక్కించిందెవరో ఒక్కడూ అడగలేదు. కొత్త పోస్టరు అచ్చు వేయించడం దండగని ఆమె నవ్వుమొహాన్ని అలాగే ఉంచేశారు.

మిసో అనే సోయా ముద్ద పీపాలు ఎక్కించుకుని బయల్దేరాను.

డిసెంబరులో మా కొండల్లో సాయంత్రమనేది ఉండదు. ఎండ కొండ వెనక్కి దిగగానే లోయంతా నీలంగా మారి, కాసేపటికి నల్లబడుతుంది. రెండో సొరంగం దాటాక రేడియో మూగబోయింది. ఒక చేత్తో అన్నం ముద్ద తిన్నాను. లోపల పెట్టిన ఉప్పుచేప చల్లబడి గట్టిపడింది. ఇంత దూరంలో నాతో మాట్లాడింది ఆ మిషనొక్కటే. దానికి జవాబు చెప్పడం నాకు ఎప్పుడు అలవాటైందో కూడా తెలియదు. "అలాగేలే తల్లీ," అంటుంటాను.

తోబియుకి కనుమ మొదట్లో, చక్రాలకి గొలుసులు కట్టుకునే జాగాలో ఆగాను. మంచు పెద్దగా పడటం లేదు, పొగమంచు మాత్రం పాలలా ఉంది. గొలుసులు అక్కర్లేదనుకుని మళ్ళీ రోడ్డెక్కబోతుంటే, వెనకనుంచి రెండు లైట్లు వచ్చాయి. పెద్ద బండే. ఆగింది. ముందు నువ్వే పో అన్నట్టు లైట్లు ఒకసారి తగ్గించింది.

దారి ఇచ్చినవాళ్ళకి రెండు ఇండికేటర్లూ కలిపి రెండుసార్లు మిణికించడం మా మర్యాద. ఎవరని చూడం. చెయ్యి దానంతటదే పోతుంది. మిణికించాను.

తర్వాత అద్దంలో చూశాను.

వెనక బండి లేదు. లైట్లూ లేవు. కెమెరా తెరమీద ఖాళీ రోడ్డు, దానిమీద నా చక్రాల గుర్తులు మాత్రమే.

పక్క జాగాలోకి తిరిగిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

ఎత్తు మొదలైంది. ఇక్కడ బ్యాటరీ ముల్లు పడిపోవాలి. బరువు మీదుంది, మోటారు ఇంజనుకి సాయం పడుతుంది, కరెంటు ఖర్చవుతుంది. ముల్లు పడలేదు. పెరుగుతోంది.

మీటరు చెడిపోయిందనుకుని కాలు కొంచెం తీశాను. బండి తగ్గలేదు. పూర్తిగా తీశాను. ఎత్తు మీద, అంత బరువుతో, కాలు తీసినా లారీ ఎక్కుతోంది. వీపు వెనక సీటు నన్ను మెత్తగా ముందుకి నొక్కుతోంది. ఎవరో బండి వెనక భుజం ఆనించి, ఓపిగ్గా తోస్తున్నట్టు...

"చాలా బాగా నడుపుతున్నారండీ," అంది మిషను.

స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నాను.

తిరగడానికి చోటు లేదు. ఆగాలని బ్రేకు మీద కాలు పెట్టాను. లారీ గింజుకుంది తప్ప ఆగలేదు. కనుమ శిఖరం చేరేసరికి ముల్లు చివరికంటా వెళ్ళింది. నిండుగా ఉంది. దిగుడు మొదలవకముందే నిండింది.

అప్పుడు వాసన వచ్చింది. కాలిన బ్రేకుల వాసన. నేను తొక్కింది కాసేపే, నావి ఇంకా వేడెక్కనే లేదు. వాసన నా సీటు వెనక, పడుకునే పరుపుకి కట్టిన తెర వెనకనుంచి వస్తోంది.

దిగుడు. మీట లాగాను. ఏమీ కాలేదు. మోటారు పట్టదు. లారీ వేగం అందుకుంది. చెయ్యి గేరు మీదికి పోయింది.

తెర వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"దించకండి... మార్కులు పోతాయి..."

మిషను గొంతు కాదు. బొంగురుగా, అలిసిపోయి, ఎంతో మర్యాదగా ఉంది.

నా చెయ్యి గేరు మీద అలాగే ఉండిపోయింది. సిగ్గుచేటు, కానీ నిజం. ఆ క్షణంలో నాకు కళ్ళముందు కనపడింది లోయ కాదు, కెటిల్. తొంభై దాటాలి. ఇంకొక్క వంపు చూద్దాం. ఇంకొక్కటి... చక్రాలు కీచుమన్నాయి. పీపాలు ఒక పక్కకి ఒరిగాయి. పొగమంచులో రోడ్డు పక్క ఇనప కంచె మెరిసింది. ఒకచోట మాత్రం అది కొత్తగా, తెల్లగా ఉంది. దానికింద మంచులో కాఫీ డబ్బాలు వరసగా ఉన్నాయి. దారిన పోయే డ్రైవర్లు ఆమె కోసం పెట్టినవి.

"మయుమి సాన్," అన్నాను. "మీ చావుకి వాళ్ళు బీరు తాగారండీ. మీ పోస్టరు కూడా మార్చలేదు. పోతే పోనివ్వండి... ఆ మార్కులు వాళ్ళవి."

గేరు దించేశాను. ఎగ్జాస్ట్ బ్రేకు లాగాను. ఇంజను పొడిచిన పందిలా అరిచింది. "నెమ్మదిగా... నెమ్మదిగా... నెమ్మదిగా..." మిషను ఆగకుండా మొత్తుకుంది. వెనక నుంచి తోపు ఇంకా బలపడింది. పళ్ళు బిగపట్టి ఇంకో గేరు దించాను. కంచె నా పక్క అద్దాన్ని గీసుకుంటూ పోయింది.

ఉన్నట్టుండి బరువు వదిలింది.

ఎవరో చెయ్యి తీసేసినట్టు. లారీ నా మాట విని, మెల్లగా, ఇంజను మీద వేలాడుతూ దిగింది. వాసన లేదు. తెర వెనక ఊపిరి కూడా లేదు. కింద ఊరి లైట్లు కనపడ్డాక నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి పక్కన ఒక్క మనిషైనా ఉంటే బావుండుననిపించింది.

పీపాలు దింపేసి, ఆ దారిన వెళ్ళే ధైర్యం లేక, చుట్టుదారిలో డిపోకి వచ్చాను. ఎంత గొణుగుడు వినాలో అని తల వంచుకుని సుగాయా ముందు నిలబడ్డాను. కెటిల్ నా పక్కనే బుసలు కొడుతోంది.

ఆయన కంప్యూటరు తెర వైపు చూసి కళ్ళద్దాలు తీసి తుడిచాడు.

"ఏం చేశావమ్మాయ్?"

"తప్పలేదండీ. దిగుడులో గేరు దించాల్సి వచ్చింది."

"ఎక్కడ దించావు? ఒక్కచోట కూడా ఇంజను అరవలేదు. బ్రేకు తొక్కలేదు." తెర నావైపు తిప్పాడు. "నూరు. మయుమి తర్వాత ఇన్నాళ్ళకి ఇదే. ఇంత మెత్తగా... దొంగా, నేర్చుకున్నావన్నమాట! రేపటినుంచి లారీ నీదే. దారీ అదే. వద్దంటావా ఏంటి?"

వద్దంటే ఏమవుతుందో నాకు తెలుసు. కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది.

"వెళ్తానండీ," అన్నాను.

ఆ రాత్రి లారీకి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున నేనే వెళ్ళి తలుపు తీశాను. ఎక్కి కూచోబోతే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి.

మా డిపోలో చాలామంది మగవాళ్ళకన్నా నేనే పొడుగు. నా సీటు ఎప్పుడూ వెనక్కి ఉంటుంది. ఇప్పుడది పూర్తిగా ముందుకి జరిగి ఉంది. లోపలి అద్దం కూడా కిందికి వంచి ఉంది, ఎవరో పొట్టి మనిషి కళ్ళకి సరిగ్గా అందేటట్టు.

సీటు వెనక్కి తోశాను. కదల్లేదు. బలమంతా పెట్టి తోశాను.

సీటు మీద నా చెయ్యి ఆనింది. వెచ్చగా ఉంది.