దక్షిణపు గుమ్మం

వెయ్యేళ్ల కిందట ప్యూబ్లో ఆదివాసులు ఊరంతా కలిసి కట్టుకున్న రాతి ఇళ్లవి. ఆ శిథిలాల ముందు నిలబడి శ్యామ్‌సుందర్ గారు ఫోన్‌లో కంపాస్ తీశారు. అనీష్ గుండె జారిపోయింది.

ఎందుకు జారదు? ఆయన కూతురు అవనిని అనీష్ రెండేళ్లుగా ప్రేమిస్తున్నాడు. ఆయనేమో వాస్తు చూసి పెళ్లికొడుకుల్ని గుమ్మంలోంచే తిప్పి పంపే మహానుభావుడు. ఒకడింట్లో ఈశాన్యంలో బాత్రూమ్ ఉంది. ఇంకొకడింట్లో అన్నీ సవ్యంగానే ఉన్నాయి కానీ, అంత సవ్యంగా ఉండటం మీదే ఆయనకి అనుమానం వచ్చింది.

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో అనీష్ ముచ్చటపడి కొనుక్కున్న టౌన్‌హౌస్ నిక్కచ్చిగా దక్షిణం చూస్తుంది. అవని మాత్రం నాన్నకి తూర్పని చెప్పేసింది. విజయవాడ నుంచి దిగిన వారానికే ఆయన, "అబ్బాయి గుణం ప్రయాణంలో తెలుస్తుంది" అని అందరినీ న్యూ మెక్సికో ఎడారికి బయలుదేరదీశారు.

"నువ్వు నోరు మూసుకుని ఫొటోలు తియ్యి, చాలు," అంది అవని గుసగుసగా. చలిగాలికి మొహం మీద పడ్డ జుట్టు తోసుకుంటూ ఓ చూపు చూసింది. అనీష్‌కి ఉన్న నాలుగు దిక్కులూ మర్చిపోయినట్టయింది.

శ్యామ్‌సుందర్ గారు ఓ పొట్టి ద్వారంలోకి దూరి, తల తడుముకుంటూ బయటికొచ్చారు.

"దక్షిణ ద్వారం. అడుగు పెట్టగానే బొప్పి కట్టింది చూశావా? ఆ గుమ్మమూ దక్షిణమే, ఈ గుమ్మమూ దక్షిణమే. అందుకే ఊరు ఊరంతా వదిలేసి పోయారు పాపం."

"యాక్చువల్లీ అంకుల్, వానలు తగ్గిపోయి వేరే చోటికి మూవ్ అయ్యారట. బోర్డు మీద ఉంది. వాళ్ల వారసులు ఇప్పటికీ ఈ స్టేట్‌లోనే ఉన్నారు."

"బోర్డు రాసినవాడికి వాస్తు తెలుసా?"

శ్యామ్‌సుందర్ గారు జాలిపడి అనీష్ భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు బుద్ధిమంతుడివి బాబూ. తూర్పు ఇల్లు కొన్నావు. ఇవాళే మీ అమ్మగారితో మాట్లాడతాను."

అవని కళ్లు మెరిశాయి. 'థాంక్యూ అంకుల్' అంటే పెళ్లి కుదిరినట్టే. కానీ ఈయన ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మాన్ని ఎక్కడ దాచాలి? అంతకంటే, తన భుజం మీదున్న ఆ చెయ్యి అనీష్‌కి మహా బరువుగా తోచింది.

"అంకుల్, నాది సౌత్ ఫేసింగ్."

"అయిపోయింది," అని గొణిగింది అవని.

"మరి తూర్పని..."

"నేనే చెప్పాను నాన్నా."

"నేనూ కాదనలేదు అంకుల్, తప్పు నాదే. కావాలంటే ఇల్లు అమ్మేస్తాను. అవనిని మాత్రం వదులుకోలేను."

శ్యామ్‌సుందర్ గారు చెయ్యి తీసేసి భార్య కోసం వెతికారు. టెక్సాస్ దాటినప్పటి నుంచీ మోకాళ్ల నొప్పులని మూలుగుతున్న జయంతి గారు, దక్షిణపు గోడ పక్కన బెంచీ మీద కాళ్లు చాపుకుని, శాలువా తీసేసి కూర్చున్నారు.

"ఏమండీ, ఇలా రండి. ఇక్కడ గాలి లేదు, చక్కగా ఎండ తగులుతోంది. ఈ దేశం వచ్చాక నా మోకాళ్లు ఇప్పుడే కాస్త మాట వింటున్నాయి."

ఆయన వెళ్లి కూర్చున్నారు. ఎండకి ఒళ్లు వెచ్చబడ్డాక అనీష్‌ని కేకేసి అడిగారు.

"మీ ఇంట్లోకి కూడా ఇలాగే వస్తుందా ఎండ?"

"వింటర్ అంతా హాల్లోకి వస్తుంది అంకుల్," అన్నాడు అనీష్, దూరం నుంచే.

శ్యామ్‌సుందర్ గారు ఫోన్ జేబులో పెట్టేసి భార్య వైపు తిరిగారు.

"దక్షిణం యముడి దిక్కే. కానీ ఆయన్నే ధర్మరాజని కూడా అంటారు. నోటిదాకా వచ్చిన ముద్దని వదులుకుని నిజం చెప్పినవాణ్ణి ఆయన మాత్రం ఏం చేస్తాడు? నేను మాత్రం ఏం చేస్తాను?"

"అల్లుణ్ణి చేసుకుంటారు," అన్నారు జయంతి గారు, ఎండలోంచి కదలకుండా.