తినేటప్పుడు మాట్లాడకూడదు

ఆ పొద్దున్న కూడా విజయకుమారి ఇడ్లీలు బల్ల మీద పెట్టి, మూత వేసి, "పెట్టేనండి వదినగారూ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. దీనమ్మ టీచరు ఒక్కతే కూర్చుని, తలవంచుకుని తిని, చెయ్యి కడుక్కుంది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఒకరినొకరు మాట అనుకోరు, విసురుగా చూసుకోరు. పోట్లాడుకున్నా బాగుండేది, కనీసం మనిషి గొంతు వినబడేది.

దీనమ్మకి పెళ్ళి కాలేదు. చేసుకోలేదు అనడమే న్యాయం. తండ్రి పోయాక తమ్ముడు దేవదానాన్ని చదివించి, ఒక ఇంటివాణ్ణి చేసేసరికి ఆ వయసు కాస్తా దాటిపోయింది. రిటైరయ్యాక రాజోలు దగ్గర తమ్ముడి ఇంటికే వచ్చింది. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే అతను మస్కట్ వెళ్ళిపోయాడు. అతని పిల్లలిద్దరూ హాస్టల్లో ఉంటారు, సెలవులకి అమ్మమ్మగారింటికి పోతారు. ఇక కొత్త డాబాలో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు, ఒక రేడియో. ఆ రేడియో కూడా మరదలి గదిలోనే, తలుపు వేసుకుని మోగుతుంది.

ఈ రోజు సంగతి వేరు. గోదావరి గట్టున మిషను వాళ్ళ ఆడపిల్లల స్కూల్లో కలిసి చదివిన స్నేహితురాళ్ళు ఏటా ఎండాకాలంలో ఎవరో ఒకరింట్లో కలుస్తారు. ఈసారి దీనమ్మ దగ్గరే. తలలు నెరిసినా హాస్టలు అలవాట్లు పోలేదు. రాత్రి ప్రార్థనలో ప్రతి పిల్లా ఆ రోజు తనకు జరిగిన మంచి ఒకటి చెప్పి దేవుడికి స్తోత్రం చెప్పాలన్నది వార్డెనమ్మగారి రూలు. సణుగుడు పనికిరాదు. తినేటప్పుడు మాట్లాడకూడదన్నది ఆవిడదే ఇంకో రూలు. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో గాని, ఆవిడ రూళ్ళకి మాత్రం చావు లేదు. ఇప్పటికీ భోజనానికి ముందు వరసగా కూర్చుని ఏడాది కబురు చెప్పుకుంటారు. మంచి కబురే చెప్పాలి.

దీనమ్మ ఏటా చెప్పేది ఒకటే, మా మరదలు నన్ను అరచేతుల్లో పెట్టుకుని చూస్తోందని. కిందటేడు సలోమి, నాగమణి అమలాపురంలో ఒక వాటా అద్దెకి తీసుకుని కలిసి ఉంటున్నామన్నప్పుడు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. నన్నూ రానివ్వండర్రా అని అడగబోయింది. అరచేతుల్లో ఉన్న మనిషి ఏమని అడుగుతుంది? ఏడాదంతా ఆ మాట మింగి, ఈసారి ఎలాగైనా అడిగేసి వాళ్ళతోనే బస్సెక్కాలని, నిన్న సాయంత్రం బట్టలన్నీ ట్రంకుపెట్టెలో సర్దుకుంది.

పెరట్లోంచి లోపలికి వచ్చేసరికి విజయకుమారి చీపురు పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది. పెట్టె బయటికి లాగి ఉంది, మూత తెరిచి ఉంది. చీరల మీద బైబిలు, దాని మీద కళ్ళజోడు. ఇద్దరూ దాని వంక చూశారు. విజయకుమారి మూత వేసి, పెట్టెని మళ్ళీ మంచం కిందకి తోసేసి, ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బస్సుకి సలోమి, నాగమణి దిగారు. ఒకప్పుడు హాలంతా నిండిపోయేవాళ్ళు. ఇప్పుడు కొందరు సమాధుల్లో ఉన్నారు, కొందరు మంచాల్లో ఉన్నారు. కోడలు రమ్మని ఒకటే గొడవ, నేనే వెళ్ళడం లేదని సలోమి స్తోత్రం చెప్పింది. ఈ వయసులోనూ చూపు బాగానే ఉందని నాగమణి చెప్పింది. దీనమ్మ వంతు వచ్చింది. అడగాల్సిన మాట నాలుక మీదే ఉంది, కాని ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా?

"మా మరదలు నన్ను అరచేతుల్లో పెట్టుకుని చూస్తోంది" అంది.

చేపల పులుసు గిన్నె తెస్తున్న విజయకుమారి గుమ్మంలో ఆగిపోయింది. గిన్నె కింద పెట్టింది.

"ఎందుకండి వదినగారూ ఆ అబద్ధం? అంత బాగా చూస్తే పెట్టెందుకు సర్దేరండి?"

దీనమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన వెళ్ళేక ఈ ఇంట్లో నేను మాట్లాడుకోడానికి మీరొక్కరేనండి. అన్నం పెడితే తలెత్తరు. బాగుందనరు, బాగోలేదనరు. పెద్ద చదువు చదివిన మనిషి, పదో తరగతి తప్పినదానితో ఏం మాట్లాడతార్లే అని నేనే తప్పుకున్నానండి. ఏడుపొస్తే మీకు వినబడకుండా రేడియో పెట్టుకునేదాన్నండి."

తలుపవతల ఆ పాటలు విని దీనమ్మ, మరదలు సంతోషంగా ఉంది, తనే పరాయిదని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. తినేటప్పుడు మాట్లాడకపోవడం మర్యాద అనుకుంది గాని, అది ఎదుటి మనిషికి ఎంత శిక్షో ఎన్నడూ తట్టలేదు.

సలోమి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా కోడలు రమ్మనలేదే దీనా. ఉత్తరం రాసి రెండేళ్ళయింది" అంది. నాగమణి ఎటో చూస్తూ, తనకి ఎడమకన్ను పూర్తిగా పోయిందని చెప్పింది. అమలాపురంలో నీకోసం మూడో మంచం వేసే ఉంచేమనీ, నువ్వంత సుఖంగా ఉన్నావని పిలవలేదనీ సలోమి అంది. ఏళ్ళ తరబడి కలుసుకుంటూ, ఆ ఆడవాళ్ళు ఒకరి కబురు ఒకరికి చెప్పుకున్నది ఆ రోజే.

దీనమ్మ మరదలి వంక చూసింది. ఎప్పుడు చిక్కిపోయిందో ఈ పిల్ల. ఒక్క ఇంట్లో ఉండి చూడలేదు.

"ఆ మంచం ఉండనియ్యండర్రా. అప్పుడప్పుడూ వస్తాం, మేమిద్దరం" అంది.

భోజనాలకి కూర్చున్నారు. వడ్డించి అలవాటుగా వంటింట్లోకి పోబోయిన విజయకుమారిని దీనమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ముగ్గురు ముసలాళ్ళూ తలలు వంచుకుని తినసాగారు. మొదటి ముద్ద మింగాక దీనమ్మ తలెత్తింది.

"విజయా, పులుసులో ఉప్పు ఎక్కువైందమ్మా."

సలోమి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"రోజూ అంతే వేస్తానండి" అంది విజయకుమారి బిత్తరపోయి.

"రోజూ ఎక్కువేనమ్మా. మూడేళ్ళ నుంచీ."

విజయకుమారి నవ్వబోయింది, ఏడుపొచ్చేసింది. ఎడంచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మరి చెప్పొచ్చు కదండీ" అంది.

"రేపట్నించి పూటపూటా చెబుతాను."

"ఆయ్, చెప్పండి" అని విజయకుమారి ఆమె కంచంలో ఇంకో చేపముక్క వేసింది.