గడప లేని గుమ్మం

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ ఇంట్లో అడుగుపెట్టను! గడప లేని ఇల్లు ఇల్లెట్టా అవుద్దిరా?"

గృహప్రవేశానికి వచ్చిన బంధువులంతా చూస్తుండగా రత్తమ్మగారు వీధిలోనే నిలబడిపోయారు. జగ్గయ్యపేటలో అలాంటి ఇల్లు అంతవరకూ ఎవరు కట్టారు గనుక! గోడంత కిటికీలు, పువ్వూ లతా చెక్కని టేకు కుర్చీలు, మెట్లకు బదులు ఏటవాలు బాట... అన్నీ భరించారావిడ. బొంబాయిలో ఆర్కిటెక్టు చదువు చదివి, నందిగామలో స్కూలు కట్టి పేరు తెచ్చుకున్న ఒక్కగానొక్క కొడుకాయె! కానీ పసుపు రాసి బొట్టుపెట్టే గడప ఒక్క గుమ్మానికీ లేదు. వాకిలి నుంచి పెరడు దాకా నాపరాళ్ళు ఒకే మట్టాన పరిపించాడు!

"ఇది నీ బుద్ధి కాదురా ప్రసాదూ! పొద్దున్నే గడప కడగటానికి ఒళ్ళు వంగక నీ పెళ్ళామే తీయించింది!"

పుష్పవతి గుండె భగ్గుమంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. భవానీప్రసాద్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు పుష్పా... నలుగురిలో అమ్మ కాలి సంగతి ఎత్తకు. ఒక్కసారి లోపలికొస్తే ఆమెకే తెలుస్తుంది."

ఆవిడ రాలేదు. బండెక్కి చిల్లకల్లులోని తన పాత ఇంటికి వెళ్ళిపోయారు.

మోకాలు బిగుసుకుపోయిన సంగతి రత్తమ్మగారు ఎవరికీ తెలియనిచ్చేవారు కాదు. కుంటిదనిపించుకోవడం కన్నా చావు నయమనుకునే మనిషి! ఆ పంతం కాస్తా కోడలి నెత్తిన పడింది. సోమరిపోతు కోడలని ఊరూవాడా చెప్పుకున్నారు. "ఈ నింద నేనెందుకు మొయ్యాలండీ?" అని పుష్పవతి ఎన్నిసార్లు ఏడ్చిందో! "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో..." అనేవాడు భర్త. తల్లికోసం చేయించిన కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆ కొన్నాళ్ళూ గడవనేలేదు! వేదాద్రిలో సత్రం పని చూడబోయినవాడు గుండె ఆగి అక్కడే కూలిపోయాడు. మనిషిని ఇంటికి తెచ్చారు...

అప్పుడొచ్చారు రత్తమ్మగారు, గుండెలు బాదుకుంటూ. గుమ్మం దగ్గర అలవాటుకొద్దీ ఆగారు. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, రెండో చెయ్యి పైటచాటున తొడ కింద వేసి కాలు పైకెత్తారు... దాటడానికక్కడ ఏమీ లేదు! ఎత్తిన కాలు మెల్లగా దించి నేలవంక చూశారు. ఆ అవతలి గది గుమ్మంవంక, ఆ వెనక పెరడువంక చూశారు.

"పుష్పా... ఇదంతా నాకోసమా?"

"మీకోసమే అత్తయ్యా!" పుష్పవతి భోరుమంది.

"మరి చెప్పవేమే తల్లీ! ఇన్నాళ్ళూ నాచేత మాటలు పడ్డావే!"

"మీరు నలుగురిలో చిన్నబోతారని... ఆయన చెప్పనివ్వలేదు అత్తయ్యా..."

కర్మకాండ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఆ సాయంత్రం పుష్పవతి అత్తగారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

"నాకు సరిపోయే ఎత్తు వాడికెట్టా తెలిసిందే?"

"చిల్లకల్లులో అరుగు మీద నుంచైతే మీ అంతట మీరే లేస్తారుగా అత్తయ్యా! ఆ అరుగు కొలుచుకొచ్చారు."

రత్తమ్మగారు కుర్చీ చేతులు నిమిరారు. వాటిమీద బరువు మోపి, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డారు.

"ప్రసాదూ! లేచా చూడరా!" అని కొడుకు గదివైపు కేకేశారు.

పట్టుకోవలసిన అవసరం లేకపోయినా పుష్పవతి వెళ్ళి ఆవిడను పట్టుకుంది.