ఐసీయూలో రెండో డోసు

"మాస్టారు పోయారు," అన్నాడు చీఫ్.

కూర్చోబోతున్న ఏజెంట్ డేగ అలాగే నిలబడిపోయాడు. డేగకీ, అతని సహచరి నెమలికీ గూఢచారి విద్య నేర్పింది మాస్టారే.

"బుల్లెట్టా?"

"కడుపునొప్పి. పాంక్రియాస్ వాచింది. ఆస్పత్రిలో చేరాక కిడ్నీలు, ఊపిరితిత్తులు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి."

పక్కనున్న ల్యాబ్ డాక్టరమ్మ అందుకుంది. "అక్యూట్ పాంక్రియాటైటిస్. చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. లావుపాటివాళ్లకి ముదిరే ప్రమాదం ఎక్కువ. కొవ్వంటే ఒంట్లో ఊరికే పడివుండే సరుకు కాదు, హార్మోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. అందులో అడిపోనెక్టిన్ వాపుని అదుపులో పెడుతుంది. రెసిస్టిన్ రెచ్చగొడుతుంది. మాస్టారి రక్తంలో రెసిస్టిన్ మా మెషీన్ కొలవలేనంత ఉంది."

"దానంతటది పెరగలేదు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా పని. మొదటి డోసుతో పాంక్రియాస్ వాస్తుంది. రెండో డోసు కొవ్వు చేత రెసిస్టిన్ కక్కిస్తుంది. బయటికి సహజ మరణం. ఇవాళ మన రాకెట్ ఇంజినీర్ అదే నొప్పితో ఐసీయూలో చేరాడు. భారీ మనిషి. ముఠాలో మన తరఫున పనిచేస్తున్న నెమలి నర్సు వేషంలో అక్కడే ఉంది. ఒక్కటి గుర్తుంచుకో. రెసిస్టిన్ సంగతి ఈ గదిలో ఉన్న మన ముగ్గురికే తెలుసు. ఆమెక్కూడా చెప్పలేదు, ఆమె పంపిన కబుర్లలోనూ ఆ పేరు లేదు."

మధ్యాహ్నానికల్లా డేగ ఎక్స్‌రే టెక్నీషియన్ వేషంలో మెషీన్ తోసుకుంటూ ఐసీయూలోకి వెళ్లాడు. మంచం మీద ఇంజినీర్ మోకాళ్లు ముడుచుకుని మూలుగుతున్నాడు. పక్కనే భార్య.

"నీళ్లు కూడా తాగనివ్వట్లేదు అన్నయ్యా. ఈయనకేం కాదుగా?"

"తగ్గిపోతుందమ్మా."

మాస్టారి భార్యకీ ఎవరో ఇదే మాట చెప్పి ఉంటారు. డేగ తల తిప్పుకున్నాడు.

నెమలి లోపలికొచ్చింది. తెల్ల యూనిఫాంలో కూడా చూపు తిప్పుకోనివ్వని అందం.

"లిఫ్ట్ పనిచేయడం లేదా?" అంది.

"మెట్లే మంచిది," అన్నాడు డేగ. కోడ్ కలిసింది.

ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "డ్యూటీ డాక్టరే ముఠా మనిషి. కింద ఫార్మసీలో ఉన్నాడు, వెళ్లి పట్టుకో. కంగారేం లేదు, ఈయనకి రెసిస్టిన్ ఇంకా పెరగలేదు."

డేగ తలుపు దాకా వెళ్లి ఆగిపోయాడు.

ఆ పేరు ఈమెకెవరు చెప్పారు?

గిర్రున వెనక్కి తిరిగాడు. అప్పటికే సిరంజి సూది సెలైన్ గొట్టంలో దిగింది. ఆమె బొటనవేలు ప్లంజర్ నొక్కుతోంది. పసుపుపచ్చ మందు గొట్టంలోంచి జారుతూ రోగి చేతికి బెత్తెడు దూరంలోకి వచ్చేసింది. డేగ ఒక్క గెంతులో గొట్టాన్ని మడిచి పట్టి, రోగి చేతిలోని సూదితో సహా పీకేశాడు. మందు నేలమీద చిమ్మింది. ఇంజినీర్ భార్య కెవ్వున అరిచింది.

నెమలి సిరంజి లాగి డేగ భుజంలో కసుక్కున దింపింది. అతను ఆమె మణికట్టు మెలితిప్పి గోడకి అదిమాడు.

"మాస్టారు నిన్ను కన్నకూతురిలా చూసుకున్నారే!"

"అందుకేగా, ఎందుకొచ్చావని కూడా అడక్కుండా తలుపు తీశాడు."

ఆమె గొంతులో వణుకన్నది లేదు. డేగ పట్టు సడలించలేదు, సంకెళ్లు పడేదాకా.

ఇంజినీర్ వాపు మెల్లగా తగ్గుముఖం పట్టింది. భార్య తడిదూదితో అతని పెదాలు తుడుస్తూ, తనని తాను మర్చిపోయి ఏడ్చింది. పక్క గదిలో ల్యాబ్ డాక్టరమ్మ డేగ రక్తం పరీక్షించింది.

"పాంక్రియాస్ వాచిలేదు కాబట్టి బతికిపోయారు. కానీ ఆ పొట్ట చూశారా?"

చేతివాచీలోని వైర్‌లెస్ గరగరలాడింది. "నెమలి నోరు విప్పిందా?" అన్నాడు చీఫ్.

"లేదు సార్. డాక్టరమ్మే విప్పింది. నెమలికి జైలుకూడు, నాకు పథ్యం."