డాలర్ హంస

"మా హంస ఎక్కడండీ?"

సీడీని కౌంటర్ మీద టక్కున పెట్టి అడిగిందా అమ్మాయి. బందరు కోనేరు సెంటర్లో మేడమీది కంప్యూటర్ షాపులో కూర్చుని లడ్డూ కొరకబోతున్న అయ్యప్ప నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"హంసేమిటండీ?"

"డిజైనండీ. నేను పెడన కలంకారీ నరసయ్యగారి అమ్మాయిని, వసుంధరని. మా డిజైన్లన్నీ స్కాన్ చేసి మీకిచ్చాం. సీడీలో హంస లేదు, అత్తగారి అంచు లేదు, నెమలీ తీగా లేవు. బుధవారం నాన్న హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నారు. గుడ్డల మూటలు మొయ్యక్కర్లేదు, సీడీ చాలని నేనే ఒప్పించాను."

అయ్యప్ప ఫైళ్ల పేర్లు చూసి నవ్వాడు. "తప్పు మీ పేర్లదండీ! హంస ముందు డాలరు, అత్తగారి నెత్తిన కామా, నెమలికీ తీగకీ మధ్య 'అండ్' గుర్తు మెలికొకటి. మార్చేద్దాం."

"ఫారిన్ వెళ్లే డిజైన్లకి నాన్న డాలర్ పెడతారు. కొనేవాళ్లు ఆ పేర్లతోనే అడుగుతారు. పలకడం రాకపోతే పేరే మార్చుకోమంటారా ఎవరైనా?"

ఎంసీఏ చదివిన అయ్యప్పకి రోషమొచ్చింది. కుర్చీ జరిపి, తను రాసిన మేక్‌ఫైల్ తెరిచి చూపించాడు. చెయ్యాల్సిన పనులన్నీ అందులో ఒకసారి రాసి పెడితే, మేక్ అని కొట్టగానే లూపు తిరుగుతుంది. ఒక్కో బొమ్మనీ తీసుకుని, చిన్నది చేసి, కింద పేరు వేసి పక్కన పెడుతుంది.

"డాలర్ కనబడితే ఇది పేరనుకోదండీ. ఆ పేరుతో మనం ఏదో దాచామనుకుని వెతుకుతుంది. హంస పేరుతో ఏమీ దాచలేదుగా, ఖాళీ పెట్టేసింది."

"అంటే మా హంసని మింగేసింది!"

"మింగకుండా చెయ్యొచ్చు. ఆ గుర్తుకి అర్థం వెతక్కు, ఉన్నదున్నట్టు తీసుకో అని చెప్పాలి. దాన్నే ఎస్కేప్ చెయ్యడం అంటాం."

"చెప్పండి మరి. అది విన్నదో లేదో నేను పరీక్ష పెడతాను."

అన్నట్టే పెట్టింది. రోజూ సాయంత్రం పెడనలో బస్సెక్కి రావడం, ఒకే బొమ్మకి కాపీలు తీసి పిచ్చిపిచ్చి పేర్లు పెట్టడం. పేర్ల నిండా చుక్కలూ, చిలవలూ, కొక్కేలూ. లూపులో ఒక్క డాలర్ రాస్తే మేకే తినేస్తుందని అయ్యప్ప రెండేసి రాశాడు.

"రెండు డాలర్లా? మీ మేక్ బాగా ఖరీదైన మనిషేనండీ!"

పేరు చుట్టూ కొటేషన్లు కట్టాడు. మర్నాడు ఆమె అడ్డగీతతో మొదలయ్యే పేరు పెట్టింది. ప్రోగ్రాం దాన్ని పేరనుకోలేదు, తనకిచ్చిన ఆర్డరనుకుని మొరాయించింది. వసుంధర పకపకా నవ్వింది. ఆ నవ్వు చూశాక, ఓడిపోవడం ఇంత బాగుంటుందా అనుకున్నాడు అయ్యప్ప.

సోమవారం మధ్యాహ్నం అన్ని పేర్లూ పాసయ్యాయి. డాలర్ హంస తెర మీద రెక్కలు విప్పుకుని కూర్చుంది. గంతులెయ్యాల్సిన అయ్యప్ప కాస్తా డీలాపడ్డాడు. సీడీ ఇచ్చేస్తే ఇంక ఆమె ఎందుకొస్తుంది?

సాయంత్రం వానలో తడుస్తూ వచ్చింది. "అయిందాండీ?"

"ఒక్కటి... ఒక్కటి ఫెయిలవుతోందండీ. రేపు రండి."

మంగళవారం ఆమె వచ్చేసరికి అయ్యప్ప టీకి వెళ్లాడు. రోజూ చూస్తున్నదే కదా అని తనే కూర్చుని మేక్ అని కొట్టింది. అన్నీ ఓకే. తయారైన ఫైళ్ల మీద నిన్నటి తేదీ.

రెండు గ్లాసులతో మెట్లెక్కిన అయ్యప్పకి ఆమె మొహం చూడగానే విషయం అర్థమైంది.

"నిన్ననే అయిపోయిందన్నమాట. రాత్రంతా నాన్న నిద్రపోలేదు, తెలుసా? పొద్దున మళ్లీ మూటలు కట్టడం మొదలెట్టారు. మీకిది ఆట!"

సీడీ రాయించుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అయ్యప్ప తరవాతి బస్సెక్కాడు. పెడనలో దిగేసరికి వాన దంచేస్తోంది. షెడ్డులో నరసయ్య పొడుగాటి బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద అచ్చులు గుద్దుతున్నాడు. పక్కన రంగు కలుపుతున్న వసుంధర తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

"బాబాయిగారూ, సీడీ చేసింది నేనేనండి. నిన్ననే అయిపోయింది. కాలేదని అబద్ధం చెప్పాను. మీకు నిద్ర లేకుండా చేశాను, క్షమించండి."

"ఎందుకు చెప్పావు?"

"మీ అమ్మాయిగారు ఇంకోరోజు వస్తారనండి."

అచ్చు గాల్లో ఆగిపోయింది.

"ఏ ఊరు మీది?"

"పాలకాయతిప్ప దగ్గరండి. మా నాన్న సముద్రం మీద వేటకెళ్తారు."

"మేం శనివారం నీసు ముట్టం."

"మిగతా రోజులు తింటాం నాన్నా," అంది వసుంధర తల ఎత్తకుండానే.

నరసయ్య కూతురి వంక చూశాడు, తడిసిన కుర్రాడి వంక చూశాడు. మీసం కింద నవ్వు ఆగలేదు. "ముందు ఎగ్జిబిషన్ కానీ. తిరిగొచ్చాక మీ నాన్నని రమ్మను, మాట్లాడతాను. అమ్మాయ్, గొడుగిచ్చి పంపు."

గుమ్మం దగ్గర గొడుగందిస్తూ వసుంధర నెమ్మదిగా అడిగింది. "ఊరికే రమ్మంటే వచ్చేదాన్నిగా, అబద్ధమెందుకు?"

"రానంటారేమోనని."

"అడక్కుండానే ఫెయిలని ఎలా అనుకున్నారు?"

అయ్యప్ప గొడుగు విప్పడం మర్చిపోయి నిలబడ్డాడు. "అయితే... రేపు వస్తారా?"

"రాను," అంది వసుంధర. అతని మొహం వాడిపోవడం చూసి కిసుక్కున నవ్వి, గొడుగు తనే విప్పి చేతిలో పెట్టింది. "గొడుగు తిరిగివ్వాలి కదా. రేపు మీరే రండి."